రెండోసారి పిలవని పోస్ట్‌మాన్

పేరులో పోస్ట్‌మాన్ ఉన్నాడు కాబట్టే మా పెదనాన్న ఆ సినిమా చూడటానికి కూర్చున్నారు. రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ముప్ఫయ్యేళ్లకు పైగా సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. సంక్రాంతికి వెళ్లినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక నేను ల్యాప్‌టాప్‌లో పాత ఇంగ్లీషు సినిమా పెట్టుకుంటుంటే "ఏం సినిమారా అది?" అని అడిగారు. "ది పోస్ట్‌మాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్" అన్నాను. "రెండుసార్లు బెల్లు కొడతాడనా? మాకు బెల్లులెక్కడివి, గేటు దగ్గర నిలబడి పోస్ట్ అని కేకేసేవాళ్లం" అంటూ కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

దాదాపు రెండు గంటల సినిమా. మధ్యలో మూడు నాలుగుసార్లు అడిగారు, పోస్ట్‌మాన్ ఎప్పుడొస్తాడని. నేను అంతకుముందే చూశాను కాబట్టి "వస్తాడు పెదనాన్నా, చివర్లో" అంటూ వచ్చాను. చివర్లో జైలు గదిలో మరణశిక్షకు సిద్ధంగా ఉన్న హీరో, పక్కన ఫాదరీ. అప్పుడు చెబుతాడు హీరో. మనకు రావాల్సిన ఉత్తరం ఉంటే పోస్ట్‌మాన్ మొదటిసారి పిలిచినప్పుడు వినకపోయినా ఫర్వాలేదు, రెండోసారి పిలుస్తాడు, ఆ పిలుపు తప్పదు అని. నేను తెలుగులో చెప్పాను. పెదనాన్న కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "రిజిస్టర్ ఉత్తరం లాంటిదన్నమాట. మామూలు కవరైతే గుమ్మంలో వేసి పోతాం. రిజిస్టరైతే ఆ మనిషి చేతికిచ్చి సంతకం పెట్టించుకోవాలి. ఇవాళ లేడంటే రేపు వస్తాం."

ఇంకో సంగతీ చెప్పారు. ఒక ఊళ్లో ఒకాయనకు కోర్టు నోటీసు వచ్చింది. ఈయన సైకిల్ కనిపిస్తే చాలు ఆయన దొడ్డిదారిన చేలోకి వెళ్లిపోయేవాడట. రెండు రోజులు అలాగే అయింది. మూడో రోజు ఈయన వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఇవ్వండి, నిద్ర పట్టట్లేదు" అని చెయ్యి చాపాడట. సంతకం పెట్టాక మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడట కూడా.

నెల తర్వాత హైదరాబాదులో, ఒంటరిగా, అదే పేరుతో 1981లో వచ్చిన రీమేక్ చూశాను. పెదనాన్న చెప్పిన ఆ అరుగు మీది మనిషి నా బుర్రలో ఉండగానే చూశాను. సినిమా అయిపోయాక ఇంకా ఏదో మిగిలుందనుకుని నల్లటి తెర మీద పేర్లు వెళ్తుంటే కూడా కూర్చునే ఉన్నాను. ఏమీ రాలేదు. అంత మంది గొప్పవాళ్లు కలిసి, అంత మంచి కథ చేతిలో పెట్టుకుని, దాని గుండెకాయనే వదిలేశారన్న బాధ నాకింకా పోలేదు. కథ చివరిదాకా చెప్పకుండా ఆ బాధ ఎందుకో చెప్పలేను. చూడాలనుకునేవాళ్లు ముందు 1946 సినిమా చూసి ఆ తర్వాత ఇది చదవండి.

ఆ పాత సినిమా తీసినవాడు టే గార్నెట్. మహా దర్శకుల జాబితాలో సాధారణంగా కనిపించే పేరు కాదు, ఎమ్‌జీఎమ్ స్టూడియో పనిమంతుడు. కథ కాలిఫోర్నియాలో రోడ్డు పక్కన ఒక చిన్న హోటల్ దగ్గర మొదలవుతుంది. ముందు పెట్రోల్ బంకు, బయట "మనిషి కావలెను" అని బోర్డు. ఊళ్లు పట్టుకు తిరిగే ఫ్రాంక్ అనే కుర్రాడు ఎవరి కారులోనో లిఫ్ట్ అడిగి వచ్చి అక్కడ దిగుతాడు. ఆ కారు ఎవరిదో తర్వాత తెలుస్తుంది, ఆ జిల్లా ప్రాసిక్యూటర్‌ది. రేపు ఇతణ్ని కోర్టుకీడ్చే మనిషే ఇవాళ తన కారులో తీసుకొచ్చి గుమ్మంలో దింపుతున్నాడు. మొదటి అయిదు నిమిషాల్లోనే సినిమా తన పేరుకు తగ్గ పని మొదలుపెట్టేసింది.

తర్వాత లిప్‌స్టిక్. ఫ్రాంక్ లోపల కూర్చుని ఉంటాడు. నేల మీద ఒక లిప్‌స్టిక్ దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. అది ఎటునుంచి వచ్చిందో చూస్తూ కెమెరా మెల్లగా వెనక్కి వెళ్తే గుమ్మంలో తెల్లటి బట్టల్లో హోటల్ యజమాని పెళ్లాం కోరా. ఆ వేషం లానా టర్నర్‌ది. ఫ్రాంక్ దాన్ని తీసి పట్టుకుంటాడు కానీ తెచ్చి ఇవ్వడు. ఆమె చెయ్యి చాపి నిలబడుతుంది కానీ కదలదు. ఎవరు అడుగు ముందుకేస్తారా అని ఇద్దరూ చూస్తారు. ఈలోపు పొయ్యి మీద అతని కోసం వేసిన మాంసం మాడిపోతూ ఉంటుంది. చివరికి ఆమే వచ్చి తీసుకుంటుంది. ముట్టుకోవడం లేదు, మాటలు దాదాపు లేవు. అయినా ఈ ఇద్దరి మధ్య ఏం జరగబోతోందో, ఎవరు ఎవరిని ఎటు లాగుతారో అంతా ఆ ఒక్క నిమిషంలో ఉంది.

సినిమా మొత్తం మీద కోరా దాదాపు ఎప్పుడూ తెల్లబట్టల్లోనే ఉంటుంది. నలుపు వేసుకున్న సందర్భాలు చాలా తక్కువ, అవి కూడా చావు దగ్గర మసలే సందర్భాలే. నన్ను బాగా పట్టుకున్న ఘట్టం ఈ తెలుపుదే. ఇద్దరూ ముసలి మొగుణ్ని వదిలేసి లేచిపోదామని ఎండలో రోడ్డు మీద నడుస్తారు. కార్లు ఆగవు. దుమ్ము లేస్తుంది. ఆ తెల్లటి బట్టలు మట్టికొట్టుకుపోతాయి. ఆమె ఆగిపోతుంది. ఇలా దేశాలు పట్టి తిరిగి, మళ్లీ ఎక్కడో గిన్నెలు తోమే బతుకు తనకొద్దు అంటుంది. వెనక్కి వెళ్లిపోతుంది. ఆ హోటల్ ఆమెకు కావాలి, దాన్ని గొప్పగా నడపాలి, తను ఒక మనిషి అనిపించుకోవాలి. ప్రేమ ఒక్కటే అయితే ఈ కథలో హత్య అక్కర్లేదు, ఆ రోడ్డున నడిచిపోయేవాళ్లే. ప్రేమా కావాలి, హోటలూ కావాలి. ఆ "ఊ" దగ్గరే మొగుడు అడ్డు. ఇదంతా ఒక డ్రెస్సుకు అంటిన దుమ్ముతో చెప్పాడు గార్నెట్.

మొదటి ప్రయత్నం స్నానాలగదిలో. ఒక పిల్లి నిచ్చెనెక్కి కరెంటు ఫ్యూజుల మీద పడి చావడంతో అది చెడిపోతుంది. రెండోసారి కొండదారిలో, కారులో. మొగుడు నిక్ తాగి ఉన్నాడు, పాడుతున్నాడు. కొండల్లో తన గొంతు ప్రతిధ్వనిస్తుంటే చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. ఇంకో రాగం తీస్తాడు. వెనకనుంచి ఫ్రాంక్ సీసాతో కొడతాడు. మనిషి పోయాడు. అప్పుడు కొండల్లోంచి ఆ రాగం తిరిగి వస్తుంది. చచ్చిపోయినవాడి గొంతు, వాడు చచ్చాక వినిపిస్తుంది. పెదనాన్న అక్కడ "అయ్యో" అన్నారు. ఆ కథలో ప్రతిదీ ఇలాగే తిరిగి వస్తుంది.

ఈ ప్రతిధ్వని జేమ్స్ ఎమ్. కెయిన్ 1934లో రాసిన నవలలోనే ఉంది. అది అతని మొదటి నవల. అంతకుముందు పత్రికల్లో పనిచేసిన మనిషి. 1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్ అనే గృహిణి ప్రియుడితో కలిసి భర్తను చంపిన కేసు దేశమంతా పత్రికల నిండా నడిచింది. ఇద్దరూ పోలీసులకు దొరికాక ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. 1928 జనవరిలో ఇద్దరికీ మరణశిక్ష అమలైంది. ప్రేమించి కలిసి హత్య చేసినవాళ్లు ఆ తర్వాత ఒకరినొకరు ఎలా చూసుకుంటారన్నది కెయిన్‌ను పట్టుకుంది. నవలకు అతను మొదట పెట్టుకున్న పేరు "బార్‌బెక్యూ". పబ్లిషర్‌కు అది నచ్చలేదు. విన్సెంట్ లారెన్స్ అనే రచయిత మిత్రుడు, తను పంపిన రాతకు జవాబు కోసం ఎదురుచూసిన రోజుల గురించి చెబుతూ పోస్ట్‌మాన్ ఎప్పుడూ రెండుసార్లు బెల్లు కొట్టేవాడన్నాడట. అక్కడినుంచి వచ్చింది ఈ పేరు. నవలలో పోస్ట్‌మాన్ ఎక్కడా రాడు, ఆ మాట ఎవరూ అనరు. కానీ నవల మొత్తం ఆ పేరుకు జవాబుగానే కట్టి ఉంటుంది.

ఎలాగంటే, వాళ్లు చేసిన హత్యకు శిక్ష పడదు. లాయరు తెలివితేటలు, ఇన్సూరెన్సు కంపెనీల లెక్కలు అన్నీ కలిసి వాళ్లను బయట పడేస్తాయి. నవలలో ఆ లాయరూ ప్రాసిక్యూటరూ ఈ కేసు మీద వంద డాలర్లు పందెం కాసుకుంటారు. ఒక మనిషి చావు వాళ్లకు ఆట. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకుంటారు, కోరాకు కడుపు, జీవితం కుదుటపడబోతోంది. సరిగ్గా అప్పుడు నిజంగానే కారు యాక్సిడెంట్ అయి కోరా చచ్చిపోతుంది. ఈసారి ఫ్రాంక్ ఏ పాపమూ ఎరగడు. ఈసారి శిక్ష పడుతుంది. చేసినదానికి వదిలేసిన చట్టం చేయనిదానికి ప్రాణం తీస్తుంది. మొదటి పిలుపు తప్పించుకున్నాడు, రెండోది తప్పలేదు.

దీని హక్కులు ఎమ్‌జీఎమ్ 1934లోనే కొనుక్కుని కూడా పన్నెండేళ్లు ముట్టుకోలేకపోయింది. తెర మీద ఏం చూపించకూడదో చెప్పే అప్పటి హాలీవుడ్ ప్రొడక్షన్ కోడ్ అంత గట్టిది. రంకు, హత్య, వాటిలో రుచి చూపించడం కుదరదు. 1944లో కెయిన్‌దే ఇంకో కథ "డబుల్ ఇండెమ్నిటీ"ని బిల్లీ వైల్డర్ తీసి మెప్పించాక ఎమ్‌జీఎమ్‌కు ధైర్యం వచ్చింది. కోడ్ కోసం కొన్ని మార్చారు. అన్నిటికంటే నాకు నచ్చనిది మొగుడి పేరు. నవలలో అతను నిక్ పపడాకిస్, గ్రీకువాడు. సినిమాలో నిక్ స్మిత్ అయిపోయాడు. నవలలో కోరాకు మొగుడంటే ఉన్న అసహ్యంలో జాతి గర్వం చాలా ఉంది. తన నల్లటి జుట్టు చూసి ఎవరైనా తనను తెల్లజాతిది కాదనుకుంటారేమోనని ఆమెకు భయం. ఆ చేదునంతా స్మిత్ అన్న ఒక్క పేరుతో తుడిచేశారు. సెసిల్ కెల్లవే మంచి నటుడే, కానీ అతను చేసిన నిక్ పక్కింటి తాతయ్యలా ఉంటాడు.

అందుకే 1981 సినిమా మీద నాకు చాలా ఆశ ఉండేది. కోడ్ 1968లోనే పోయింది. ఏది కావాలంటే అది చూపించవచ్చు. దర్శకుడు బాబ్ రాఫెల్సన్. 1970లో జాక్ నికల్సన్‌తో "ఫైవ్ ఈజీ పీసెస్" తీసినవాడు, తన చోటు ఏదో తెలియక తిరిగే మగవాణ్ని అంత బాగా చూపించినవాళ్లు తక్కువ. రచన నాటకకర్త డేవిడ్ మామెట్, అతని స్క్రీన్‌ప్లేతో వచ్చిన మొదటి సినిమా ఇదే. కెమెరా స్వెన్ నిక్విస్ట్, స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ సినిమాలకు వెలుగిచ్చిన మనిషి. ఫ్రాంక్‌గా నికల్సన్, కోరాగా జెస్సికా లాంగ్. మొగుడు మళ్లీ పపడాకిస్ అయ్యాడు. కాలం మళ్లీ 1930ల ఆర్థికమాంద్యానికి వెళ్లింది. పాత సినిమా భయపడి వదిలేసినవన్నీ తిరిగి పెడుతున్నాం, నవలకు అసలైన న్యాయం ఇదే అన్న పట్టుదల ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది.

మంచి ముందు చెప్పాలి. జెస్సికా లాంగ్ చాలా బాగా చేసింది. ఆమె మొదటి సినిమా 1976 నాటి "కింగ్ కాంగ్", అదీ రీమేకే, దాని తర్వాత ఆమెను నటిగా పెద్దగా లెక్కచేయలేదు. ఇందులో ఆమె కోరా ఒళ్లంతా అలసట, ఆకలి. వంటింట్లో పనిచేసే ఆడదాని చేతులు అవి. లానా టర్నర్ ఏనాడూ గిన్నె తోమినట్టు ఉండదు, లాంగ్ రోజూ తోమినట్టే ఉంటుంది. నిక్‌గా జాన్ కొలికోస్ ఇంకా బాగా చేశాడు. అరుస్తాడు, పెళ్లాం మీద పెత్తనం చేస్తాడు, అతిథి వస్తే కడుపునిండా పెడతాడు. చంపదగ్గ మనిషి కాదు, కలిసి బతకడం కష్టమైన మనిషి. అలాంటివాణ్ని చంపితే ఆ హత్య బరువు ఎంత పెరగాలి! నేను ఆ బరువు ఎప్పుడు తిరిగి వాళ్ల మీద పడుతుందా అని చివరిదాకా ఎదురుచూశాను.

ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్లందరూ చెప్పేది వంటింటి బల్ల మీది దృశ్యం. పిండి, రొట్టెలు, పెనుగులాట, ఆ తర్వాత సంభోగం. అది చూపించడం నాకు తప్పుగా అనిపించలేదు. సెన్సార్ ఉంటేనే మంచి సినిమాలొస్తాయనే వాదన నేను ఒప్పుకోను, ఆ కోడ్ ఎన్ని కథల గొంతు నొక్కిందో తెలుసు. నా అభ్యంతరం ఆ దృశ్యం తర్వాతి సినిమా మీద. ఆ బల్ల దగ్గరే తన శక్తంతా ఖర్చు పెట్టేసింది. పాత సినిమాలో లిప్‌స్టిక్ దొర్లినప్పుడు ఎన్నో ప్రశ్నలు పుట్టాయి. ఈమె ఇతణ్ని వాడుకుంటోందా, ప్రేమిస్తోందా? ఇతను ఎన్నాళ్లుంటాడు? కొత్త సినిమాలో బల్ల మీద వాళ్లకు కావలసింది దొరికిపోయింది. దొరికాక హత్య ఎందుకు? ఆ హోటల్ మీద కోరాకున్న ఆశ, తను ఒక మనిషి అనిపించుకోవాలన్న తపన నాకైతే ఇందులో ఎక్కడా గట్టిగా తగల్లేదు. శరీరాలు ఉన్నాయి, చెమట ఉంది, కారణం పలచబడింది.

నికల్సన్ గురించి కూడా. అప్పటికి అతనికి నలభై దాటాయి. నవలలో ఫ్రాంక్‌కు ఇరవై నాలుగేళ్లు. వయసు ఒక్కటే అయితే పట్టించుకోను, పాత సినిమాలో ఫ్రాంక్‌గా చేసిన, ముప్ఫై దాటిన జాన్ గార్‌ఫీల్డ్ కూడా ఇరవై నాలుగేళ్లవాడు కాడు. కానీ గార్‌ఫీల్డ్ ముఖంలో, ఇంకా ఏదో మంచి జరగబోతోందన్న వెర్రి నమ్మకం ఉంటుంది. న్యూయార్క్ పేదవాడల్లో పెరిగిన మనిషి, రోడ్డు మీద బతికేవాడి ఉత్సాహం అతనికి తెలుసు. నికల్సన్ ఫ్రాంక్ మొదటి సీన్లోనే ఓడిపోయి వస్తాడు. ఓడిపోయినవాడు ఇంకోసారి ఓడిపోతే మనకేం పోతుంది?

నిక్విస్ట్ వెలుగు కూడా అలాంటిదే. నేను అతని పనికి అభిమానిని. గోధుమరంగు గదులు, కిటికీ నుంచి వచ్చే సాయంత్రపు వెలుతురు, చాలా అందంగా ఉన్నాయి. ఆ అందం కథనంతటినీ ఒకే మగతలో ముంచేసింది. హత్యకు ముందు ఎలా ఉన్నాయో ఆ గదులు హత్య తర్వాతా అలాగే ఉన్నాయి. పాత సినిమాలో ఆ తెలుపు చూస్తే భయమేస్తుంది, మచ్చ ఎప్పుడు పడుతుందా అని.

హత్య తర్వాత ఆ ప్రేమకు ఏమవుతుందన్నదే అసలు కథ. ఆసుపత్రిలో ఉన్న ఫ్రాంక్‌ను ప్రాసిక్యూటర్ భయపెట్టి కోరా మీద ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టిస్తాడు. అది తెలిసి కోరా మొత్తం చెప్పేస్తుంది. కోర్టు వదిలేసినా ఆ సంతకాన్ని వాళ్లు ఒకరికొకరు వదల్లేరు. ఒకే ఇంట్లో, ఒకే హోటల్లో, ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని బతుకుతారు. కొత్త సినిమాలోనూ ప్రాసిక్యూటర్ ఉన్నాడు, లాయరు ఉన్నాడు. ఇన్సూరెన్సు మెలికలు పాత సినిమా కంటే వివరంగా ఉన్నాయి. కానీ అవన్నీ కేసు కబుర్లుగానే వెళ్లిపోయాయి.

పాత సినిమాలో ఈ చిక్కు విడిపోయే చోటు సముద్రం. ఇద్దరూ ఈదుకుంటూ చాలా దూరం వెళ్తారు. తిరిగి రాలేనంత దూరం వెళ్లాక కోరా చెబుతుంది, నాకు ఓపిక అయిపోయింది, నీకు నా మీద నమ్మకం లేకపోతే నన్నిక్కడే వదిలేసి నువ్వు వెళ్లిపోవచ్చు అని. ఎవరూ చూడరు. రుజువు ఉండదు. హత్యకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఫ్రాంక్ ఆమెను పట్టుకుని ఒడ్డుకు తెస్తాడు. ఒకణ్ని చంపి మొదలుపెట్టిన ప్రేమ, చంపగలిగీ చంపకపోవడంతో నిజమవుతుంది. ఆ ఒడ్డు నుంచి ఇంటికి వెళ్లే దారిలోనే యాక్సిడెంట్. కోరా చేతిలోంచి లిప్‌స్టిక్ జారి దొర్లుతుంది. దొర్లుకుంటూ వచ్చింది, దొర్లుకుంటూ పోయింది.

1981 సినిమా ఇక్కడికి, ఈ యాక్సిడెంట్ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. కోరా రోడ్డు పక్కన చచ్చిపడి ఉంది, ఫ్రాంక్ ఏడుస్తున్నాడు. అంతే, సినిమా అయిపోయింది. అరెస్టు లేదు, రెండో విచారణ లేదు, జైలు గది లేదు. పేరులో ఉన్న పోస్ట్‌మాన్ రెండోసారి రాలేదు.

ఒక స్నేహితుడితో దీని మీద గంటసేపు వాదించాను. అతని మాట ఇది: "పాత సినిమా చివర నీతిబోధ. తప్పు చేసినవాడికి శిక్ష పడాలని కోడ్ పట్టుబట్టింది కాబట్టి ఫాదరీని తెచ్చి పెట్టారు. రాఫెల్సన్ అది తీసేసి మనిషి దుఃఖం దగ్గర ఆపాడు. అదే పెద్దవాళ్ల సినిమా." వినడానికి బాగుంది. కానీ లెక్క తప్పు. కోడ్ సినిమాలకు, నవలలకు కాదు. దాన్ని కఠినంగా అమలు చేయడం మొదలైంది 1934 జూలైలో, కెయిన్ నవల అప్పటికే అచ్చయి జనంలో ఉంది. బోస్టన్‌లో అశ్లీలమని కేసు పెట్టించుకున్న పుస్తకం అది. ఎవరికీ భయపడి రాసింది కాదు. ఆ జైలు గది కెయిన్‌ది. నవల మొత్తం ఫ్రాంక్ తన నోటితో చెబుతాడు. ఎక్కడ కూర్చుని చెబుతున్నాడో చివర్లో తెలుస్తుంది, మరణశిక్షకు ముందు జైల్లో కూర్చుని రాసిపెడుతున్నాడని. అంటే మొదటి వాక్యం నుంచీ మనం చదువుతున్నది చావబోయేవాడి మాట. నవలకు న్యాయం చేస్తామని గ్రీకు పేరు తెచ్చారు, మాంద్యాన్ని తెచ్చారు, పచ్చిదనాన్ని తెచ్చారు, ఎవరు ఎక్కడినుంచి చెబుతున్నారో దాన్ని వదిలేశారు.

అది నీతిబోధ అనడం కూడా నాకు నచ్చలేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అని మనవాళ్లంటారు. ఈ కథ అంత సూటిగా లేదు. ఫ్రాంక్‌కు శిక్ష పడేది తను ప్రాణంగా ప్రేమించిన మనిషిని చంపాడని. ఆమెను సముద్రంలోంచి బతికించి తెచ్చిన రోజే. చట్టం రెండుసార్లూ తప్పే చేసింది, అయినా లెక్క సరిపోయింది. దాన్ని విని తల ఊపి ఒప్పుకునే ఫ్రాంక్ ముఖంలో పాపభయం కంటే ఇంకేదో ఉంది. తను ఆమెను చంపలేదని ఆమెకైనా తెలిసి ఉంటుందా అన్నదే అతని బెంగ. ప్రేమకథగా చూసినా ఆ జైలు గది లేకపోతే ప్రేమ సగంలో ఆగినట్టే. యాక్సిడెంట్ దగ్గర ఆపితే మిగిలేది దురదృష్టం. అది ఎవరికైనా జరగవచ్చు.

రీమేక్ అంటే మక్కీకి మక్కీ దించాలని నేననడం లేదు. ఈ నవలనే ఎన్ని రకాలుగా తీశారో చూడండి. 1939లో ఫ్రాన్స్‌లో పియెర్ షెనాల్ తీశాడు. 1943లో, ముస్సోలినీ ఇటలీలో, యుద్ధం మధ్య, హక్కులు కూడా లేకుండా లుకీనో విస్కోంటి తన మొదటి సినిమాగా "ఒసెస్సియోనె" తీశాడు. పో నది ఒడ్డున, పేదరికం, చెమట, నిజమైన రోడ్లు. ఫాసిస్టు పాలకులకు అది ఒళ్లు మండించింది. 2008లో జర్మనీలో క్రిస్టియన్ పెట్జోల్డ్ "యెరిఖోవ్" తీశాడు. అందులో మొగుడు టర్కీ నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి, అలీ. డబ్బున్నా ఆ దేశంలో పరాయివాడే. పెట్జోల్డ్ కథను తిప్పి ఆ మొగుడి చేతిలో పెట్టాడు. తనను చంపబోతున్నారని తెలుసుకున్న మనిషి ఏం చేస్తాడన్నది అక్కడ అసలు ప్రశ్న. ఆఖరి దృశ్యం చూసి నాకు చాలాసేపు మాట రాలేదు. ఇది కదా రీమేక్ అంటే.

ఇంకో విషయం గమనించాను. షెనాల్ సినిమా పేరుకు అర్థం "చివరి మలుపు". విస్కోంటిది "వ్యామోహం". పెట్జోల్డ్‌ది ఒక ఊరి పేరు. ఈ ముగ్గురూ పోస్ట్‌మాన్‌ను పేరులోంచి తీసేశారు. కాబట్టి అతను రాకపోయినా వాళ్లను అడగడానికి లేదు. అయినా విస్కోంటి సినిమా చివర కూడా ప్రియురాలు యాక్సిడెంట్‌లో పోతే పోలీసులు వచ్చి నిలబడతారు. రాఫెల్సన్ ఆ పేరు ఉంచుకున్నాడు. పోస్టర్ మీద పెద్దగా వేసుకున్నాడు. పేరు తీసుకున్నాక ఆ మాట తీర్చాలి. తీర్చడం ఇష్టం లేకపోతే ఇంకో పేరు పెట్టుకోవచ్చు, కెయిన్ మొదట పెట్టుకున్నది ఖాళీగానే ఉంది.

అదే 1981లో లారెన్స్ కాస్డన్ "బాడీ హీట్" వచ్చింది. అది అధికారికంగా దేనికీ రీమేక్ కాదు, "డబుల్ ఇండెమ్నిటీ" నీడలో పుట్టిన సినిమా. అందులోనూ మొగుణ్ని చంపే జంటే, అందులోనూ దాచకుండా చూపించిన శృంగారమే. కానీ అక్కడ ప్రతి కౌగిలి వెనక ఒక లెక్క ఉంది, చివర జైల్లో కూర్చున్న మగవాడికి ఆ లెక్క తెలిసొస్తుంది. స్వేచ్ఛ వచ్చాక ఈ రకం కథ చెప్పలేమనేవాళ్లకు అదే ఏడాది, అదే దేశంలో జవాబు దొరికింది.

ఇంత ఎందుకు పట్టించుకుంటున్నావని ఆ స్నేహితుడే అడిగాడు. ఇవాళ ఎవరైనా ఈ కథ గురించి విని వెతికితే రంగుల్లో ఉంది కదా, నికల్సన్ ఉన్నాడు కదా అని చాలామంది 1981ది పెట్టుకుంటారు. చూసి, ఇంతేనా అనుకుంటారు. ఆ తర్వాత నలుపు తెలుపు సినిమా జోలికి పోరు. రీమేక్ బాగా లేకపోతే అది ఒక్కటే పోదు, దాని వెనకున్నదానికి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. లిప్‌స్టిక్ దొర్లడం, కొండల్లోంచి తిరిగొచ్చిన పాట, సముద్రంలో ఆ మాట, ఇవి చూడకుండా ఉండిపోయేవాళ్లను తలచుకుంటే నాకు నిజంగా దిగులుగా ఉంటుంది.

మొన్న ఆదివారం పెదనాన్న ఫోన్ చేశారు. రీమేక్ ఉందని ఇంతకుముందు చెప్పాను, ఆ సంగతి గుర్తుపెట్టుకుని "చూశావా, బాగుందా?" అని అడిగారు. బాగా లేదన్నాను. యాక్సిడెంట్ దగ్గరే ఆపేశారు, జైలు లేదు, పోస్ట్‌మాన్ రెండోసారి రాలేదు అని చెప్పాను. ఆయనకు పాత సినిమాలో ఒక చిన్న విషయం గుర్తుంది. కోరా చచ్చిపోయాక ఆమె ఫ్రాంక్‌కు రాసిపెట్టిన చిన్న ఉత్తరం ప్రాసిక్యూటర్ చేతికి దొరుకుతుంది. ప్రేమతో రాసిన ఆ రెండు ముక్కల్లోనే పాత హత్య సంగతీ బయటపడుతుంది. నవలలో దాన్ని ఆమె హోటల్ గల్లాపెట్టెలో పెడుతుంది.

పెదనాన్న కాసేపు ఆగారు. ఆ తర్వాత అడిగారు.

"మరి ఆ అమ్మాయి రాసిన ఉత్తరం ఏమైందిరా?"